తీగ పొడుగు పెరగలేదు, అద్దె ఎందుకు పెరిగింది?

పల్లెకు తీగ లాగాలంటే మైళ్ల కొద్దీ స్తంభాలు పాతాలి, పట్టణంలో ఆ ఖర్చు తక్కువ. అయినా ల్యాండ్‌లైన్ అద్దె పల్లెలో తక్కువగా, పట్టణంలో ఎక్కువగా ఎందుకు ఉండేదని అడిగారు. 1990ల చివర్లో కడప ఏడు రోడ్ల దగ్గర మా చిన్నాన్నకు ఎస్టీడీ బూత్ ఉండేది. సాయంత్రాలు నేనే కూర్చునేవాణ్ణి కాబట్టి ఈ వింత లెక్కలతో నాకు బాగానే పరిచయం.

అద్దెను ఖర్చు చూసి వేయలేదు. మీ ఎక్స్‌ఛేంజిలో, అంటే ఊళ్లోని ఫోను తీగలన్నీ కలిసే కేంద్రంలో, ఎన్ని లైన్లున్నాయో చూసి వేశారు. వెయ్యి లైన్లు దాటితే ఒక మెట్టు, 30 వేలు దాటితే ఇంకో మెట్టు. ఊళ్లో ఎంత ఎక్కువ మందికి ఫోన్లుంటే మీ ఫోను మీకు అంత విలువైనదట! అమెరికాలో కూడా ఫోను ధరలను నియంత్రించే రాష్ట్రాల కమిషన్లు లోకల్ రేట్లను చాలాకాలం ఇలాగే కట్టాయి.

మా మేనమామ ఉండే చిన్న పట్టణంలో ఎక్స్‌ఛేంజి పెద్దదై అద్దె పెరిగింది. బిల్లు పట్టుకుని కౌంటరు దగ్గరికి వెళ్లి, "మా ఇంటి తీగ ఏమైనా సాగిందా?" అని అడిగాడు. "ఇప్పుడు మీరు ఇంకా ఎక్కువ మందితో మాట్లాడవచ్చు కదండీ" అన్నాడట లోపలి ఆయన. "నేను ఫోన్ చేసేది మా బావకూ, ఎరువుల అంగడికీ. ముక్కూ ముఖం తెలియని వాళ్లు ఫోన్లు పెట్టించుకుంటే నాకెందుకు వడ్డన?" దీనికి జవాబు రాలేదు. నా దగ్గరా లేదు.

మరి అద్దెతో పూడని ఖర్చు ఎవరు భరించారు? అది మా బూత్‌లో ఎర్రంకెల మీటరు మీద కనిపించేది. కాల్‌ను యూనిట్ల లెక్కన కొలిచి బిల్లు వేసేవాళ్లు. అప్పట్లో దూరాన్ని బట్టి యూనిట్ ధర మారేది కాదు, ఒక యూనిట్‌కు మాట్లాడగలిగే సమయం తగ్గేది. లోకల్ కాల్‌కు ఒక యూనిట్ నిమిషాల కొద్దీ వచ్చేది. అదే యూనిట్ కువైట్‌కు రెండు సెకన్లు కూడా వచ్చేది కాదు. ఇక ఎస్టీడీకి దూరం కొలిచే పద్ధతి మరో తమాషా. దేశాన్ని ఇంచుమించు తాలూకాల లెక్కన 2,600కు పైగా చార్జింగ్ ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కోదానికి ఒక కేంద్రం పెట్టారు. కొలత ఆ కేంద్రాల మధ్యే, అదీ కాకి ఎగిరినట్టు. మీ ఊరూ అవతలి ఊరూ వంకకు అటూ ఇటూ ఉన్నా లెక్కలోకి వచ్చేది కాదు.

కడప జిల్లా నుంచి కువైట్‌కు వెళ్లిన వాళ్లు ఎంతమందో మీకు తెలిసే ఉంటుంది. ఒక పెద్దావిడ నెలకోసారి వచ్చేది. కూతురు అక్కడ ఇళ్లలో పనిచేసేది. కొంగు ముడి విప్పి, నోట్లు లెక్కపెట్టి, "ఇంతకే నాయనా, దాటితే కట్ చేసెయ్" అని ముందే చెప్పేది. మాట్లాడుతున్నంతసేపూ కళ్లు మీటరు మీదే. "తిన్నావా? జీతం ఇచ్చారా? సరే పెట్టేస్తున్నా." ఆవిడ కట్టిన డబ్బులో కొంత, ఎదురు వీధి లాయరు గారి ఇంటి ఫోను అద్దె తక్కువగా ఉండటానికి ఆసరా అయింది. ఆయనకు నెలకు కొన్ని కాల్స్ ఉచితం కూడా! పేదల కోసం లోకల్ రేట్లు తక్కువగా ఉంచామని ఎవరైనా అంటే నాకు ఆ కొంగు ముడే గుర్తొస్తుంది. పేదలకు ఇంట్లో ఫోను ఉంటే కదా!

1997లో ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 1999 మార్చిలో టారిఫ్ ఉత్తర్వు తెచ్చి ఎస్టీడీ, ఐఎస్‌డీ (విదేశీ కాల్స్) ధరలు తగ్గించి అద్దెలు పెంచింది. అద్దె పెరిగిందని గోల చేసిన వాళ్లందరూ ఇంట్లో ఫోను ఉన్నవాళ్లే. కువైట్ కాల్ చవకైందని బూత్ ముందు వరుసలో నిలబడిన వాళ్ల సంతోషం పేపర్లకు ఎక్కలేదు. అప్పటికీ లోటు పూడక, 2003 నుంచి యాక్సెస్ డెఫిసిట్ చార్జి పేరుతో ఇతర కంపెనీల కాల్స్ మీద కొంత వసూలు చేసి ల్యాండ్‌లైన్ వైపు మళ్లించారు. దాన్ని 2008లో ఎత్తేశారు.

ఇంకో విడ్డూరం కూడా చెప్పాలి. మొబైల్ ధరలను కంపెనీల ఇష్టానికి వదిలేసిన ట్రాయ్, పల్లె ల్యాండ్‌లైన్ అద్దెను మాత్రం తన అదుపులోనే ఉంచుకుంది. మా అమ్మమ్మ ఊళ్లో ఆ తీగ ఇంకా ఉంది. రెండు వేపచెట్ల మధ్య కట్టి దాని మీద బట్టలారేస్తున్నారు.