బాబుకు నిద్ర లేదు, మాటలు రావట్లేదు

ప్రశ్న: మాది హనుమకొండ. బాబుకు 20 నెలలు. మొన్నమొన్నటిదాకా రాత్రంతా హాయిగా పడుకునేవాడు. రెండు నెలలుగా 11 దాటితే గానీ పడుకోవట్లేదు. మధ్యలో మూడు నాలుగుసార్లు లేచి ఏడుస్తాడు. ఫోన్‌లో పాటలు పెడితేనో, పాలసీసా ఇస్తేనో మళ్లీ పడుకుంటాడు. పగలు 11కు ఒకసారి, సాయంత్రం 5కు ఒకసారి నిద్రపోతాడు. మాటలు ఆరేడే: అమ్మ, బాపు, తాత, బువ్వ, బౌబౌ... మావారిది కాజీపేటలో షిఫ్టు డ్యూటీ, ఇంటికొచ్చేసరికి రాత్రి 10. ‘వాళ్ల నాయన కూడా మూడేండ్లకే మాట్లాడిండు, నాలుకకు వస రాయి, అదే వస్తది’ అంటుంది మా అత్తమ్మ. ఆగాలా, డాక్టర్‌కు చూపించాలా?

జవాబు: చూపించండి. రెండేళ్లు నిండేదాకా ఆగొద్దు. ఏడాదిన్నర దాటేసరికి చాలామంది పిల్లలు పది, ఇరవై మాటలు అంటారు. రెండేళ్లకు 50 దాకా వచ్చి, ‘పాలు కావాలి’ లాగా రెండు మాటలు కలుపుతారు. మీ బాబు కొంత వెనకబడ్డాడు. అది దిగులుపడాల్సినంత కాదు గానీ, చూసీచూడనట్టు వదిలేయాల్సిందీ కాదు. నాన్నకు ఆలస్యంగా మాటలొచ్చాయి కదా అని బిడ్డకు చెవి పరీక్ష మానుకోకూడదు.

వస మాత్రం వద్దమ్మా. పసివాళ్లకు వాంతులు పట్టుకోవచ్చు, మాటలు మాత్రం దానితో రావు. నాలుక కింద నరం కోయిస్తే మాటలొస్తాయని కూడా ఎవరో ఒకరు చెప్తారు. అది బిగిసి ఉంటే కొన్ని శబ్దాలు సరిగా పలకకపోవచ్చు, అంతేగానీ మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

ముందు నిద్ర సంగతి. ఈ వయసులో నిద్ర చెదరడం మామూలే. దవడపళ్లు, కోరపళ్లు వస్తుంటాయి, అమ్మ కనబడకపోతే భయం పెరుగుతుంది, పగటి నిద్ర రెండుసార్ల నుంచి ఒకసారికి తగ్గుతుంది. మీ ఇంట్లో ఆ చివరిదే అసలు చిక్కు. సాయంత్రం 5కు పడుకుని లేచిన పిల్లాడికి 8కి నిద్ర ఎక్కడ వస్తుంది?

ఈ వయసుకు పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. రాత్రి ఎంత ఆలస్యమైనా పొద్దున 7కు లేపండి. పగటి నిద్రను మెల్లగా 12:30కు జరిపి, 3 లోపు లేపేయండి. సాయంత్రం కళ్లు మూతలు పడుతుంటే భద్రకాళి చెరువు దిక్కో, మీ గల్లీలోకో తీసుకెళ్లండి. రాత్రి పడుకునే వేళను రెండు రోజులకోసారి 15 నిమిషాలు ముందుకు తెండి. 11 నుంచి 8:30కు రావడానికి మూడు వారాలు పడుతుంది. ఒక్కసారే లాగితే రెండు గంటలు ఏడిపించి, మీరూ ఏడ్చి వదిలేస్తారు.

మధ్యలో లేవడానికి కారణం వేరే. పిల్లలు గంటకోసారి తేలిగ్గా మెలకువలోకి వచ్చి మళ్లీ జారుకుంటారు. కళ్లు మూసుకునేటప్పుడు ఫోన్ పాట, సీసా ఉంటే, మెలకువ వచ్చినప్పుడూ అవే వెతుక్కుంటారు. అందుకే పాలు పడుకోవడానికి అరగంట ముందే, గ్లాసుతో తాగించి పళ్లు తుడవండి. రాత్రి సీసాను రెండు రాత్రులకోసారి 30 మి.లీ. చొప్పున తగ్గించి మానిపించండి. మొత్తం పాలు రోజుకు అర లీటరు దాటనివ్వొద్దు. ఎక్కువైతే అన్నం తినడు, ఐరన్ తగ్గుతుంది, దాంతోనూ నిద్ర కలతగా ఉంటుంది. ఏడిస్తే లైటు వేయకుండా, వీపు మీద చెయ్యి వేసి ‘అమ్మ ఇక్కడే ఉంది, బజ్జో’ అని అదే మాట అదే గొంతుతో చెప్పండి. మొదటి మూడు నాలుగు రాత్రులు ఏడుపు పెరుగుతుంది. నాలుగో రాత్రి ఓపిక నశించి ఫోన్ ఇచ్చారో, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే ఫోన్ వస్తుందని వాడికి నేర్పినట్టే. బాపుతో ఆటలు పొద్దున పెట్టుకోండి. రాత్రి 10కి బండి చప్పుడు విని లేచి ఆడుకోవడం మొదలైతే ఆ రాత్రి నిద్ర పోయినట్టే.

ఇక మాట. రెండేళ్ల లోపు పిల్లలకు ఫోన్ అసలే వద్దు. పాట వినిపిస్తుంది గానీ, వాడు ‘బౌ’ అంటే తిరిగి మాట్లాడదు. పిల్లాడికి కావాల్సింది ఆ తిరుగు మాటే. స్నానం చేయించేటప్పుడు మగ్గు నిండా నీళ్లు పట్టి, భుజం దగ్గర ఆపి, ‘పోయనా?’ అని వాడి ముఖంలోకి చూడండి. మనసులో పది లెక్కపెట్టండి. ఈ పది అంకెలే చాలా కష్టం, మూడు దగ్గరే మనం పోసేస్తాం. ‘ఊ’ అన్నా, చెయ్యి చాపినా చాలు, ‘పోయి, నీళ్లు పోయి’ అంటూ పోయండి. వాడు ‘బువ్వ’ అంటే మీరు ‘వేడి బువ్వ’ అనండి. ‘ఇదేంటి, అదేంటి’ అని పరీక్షలు పెట్టొద్దు. అరటిపండు, జామపండు రెండూ చూపించి ఏది కావాలో అడగండి. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మాట్లాడండి. అత్తమ్మను వస పక్కన పెట్టి రోజూ ఓ అరగంట వాడితో ముచ్చట పెట్టమనండి, అంతకంటే మంచి మందు లేదు.

పేరు పిలిస్తే తిరగకపోయినా, కావాల్సింది వేలితో చూపించకపోయినా, వచ్చిన మాట పోయినా ఒక్క వారం కూడా ఆగకండి. తరచూ జలుబు చేసే పిల్లల్లో కర్ణభేరి వెనక నీరు చేరి వినికిడి తగ్గుతుంది. అందుకే మొదట చెవి చూపించాలి. గురక, నోటితో ఊపిరి ఉంటే అదీ చెప్పండి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది. అంగన్‌వాడీకి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి చూపించినా, అవసరమైతే ఉచితంగా పై పరీక్షలకు పంపిస్తారు. బాబు అనే మాటలన్నీ క్యాలెండర్ వెనక రాసి తీసుకెళ్లండి. వినికిడిని కొలిచే బెరా పరీక్ష రాస్తే, ఈ వయసు పిల్లలకు అది నిద్రలోనే చేస్తారు. ఆ రోజు కాస్త ముందే లేపి, ఆటోలో కునుకు తీయకుండా చూసుకోండి.