గుండెపోటులో గుండె కండరాన్ని కాపాడేది ఏది? ముందు చర్చలు ఆపండి

"రక్తం అందక గుండె దెబ్బతినకుండా ఆపే మందు గానీ ఉపాయం గానీ ఉందా?" అని అడిగారు. ఉంది. ఈసీజీ తీసి, గుండె నాళానికి అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ వేసే ఆస్పత్రి దగ్గర్లో ఎక్కడుంటే అక్కడికి వెంటనే పోవడం. మా నెల్లూరు జిల్లాలో కొవ్వు కన్నా బంధువుల చర్చల వల్ల పాడైన గుండెలే ఎక్కువని నా గట్టి నమ్మకం.

మా బాబాయిది కలిగిరి దగ్గర పల్లె, పొగాకు రైతు. ఆ రోజు వేలంలో ఆయన బేళ్లు నోబిడ్ అయ్యాయి, అంటే ఎవరూ పాడలేదు. కాసేపటికి ఛాతీ మధ్యలో బరువు, దవడ లాగడం, చొక్కా తడిసిపోయేంత చెమట. చుట్టూ ఉన్న రైతులు "దిగులు పెట్టుకోబాకన్నా, రేపు మళ్లీ పెడదాం" అన్నారు. ఒకాయన సోడా పట్టించాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి గ్యాస్ అని తేల్చి ఒక ఇంజెక్షన్ పొడిచాడు. అది గ్యాసో కాదో ఈసీజీ లేకుండా ఆయనకు ఎలా తెలిసిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అక్కడి నుంచి ఫోన్లు మొదలు. బెంగళూరులో ఉన్న కొడుకు నెల్లూరు అంటాడు. మేనమామ "మెడ్రాసులో మనకు తెలిసిన డాక్టరున్నాడు, నేరుగా అక్కడికే పోదాం" అంటాడు. నెల్లూరు నుంచే మెడ్రాసు 170 కిలోమీటర్ల పైమాట. మా వాళ్లకు జలుబు చేసినా మెడ్రాసే గుర్తొస్తుంది, అదో జబ్బు. చివరికి పిన్ని కోప్పడింది. "ముందు కావలికి పోనీండి, మెడ్రాసు సంగతి మనిషి బతికినాక మాట్లాడుకుందాం" అని తనే కారెక్కి కూర్చుంది. కారు తోలింది నేనే. 108 అయితే దారిలో గుండె ఆగినా చూసుకునే మనిషి ఉంటాడు, కానీ ఆ మాట అక్కడ చెప్పబోతే వినే ఓపిక ఎవరికుంది?

కావలిలో ఈసీజీ తీసిన డాక్టరు చెప్పింది నాకు బాగా ఎక్కింది. గుండెకు రక్తం తెచ్చే నాళాలు పైభాగంలో ఉంటాయి, లోపలి పొర వాటికి అన్నిటికన్నా దూరం. కాలవకు నీళ్లు ఆగితే చివరి మడి ముందు ఎండినట్టు, చావు లోపలి పొరలో మొదలై బయటికి పాకుతుంది. 20 నిమిషాలకే కోలుకోలేని నష్టం మొదలవుతుంది, ఆరు గంటలు దాటితే కాపాడుకోడానికి మిగిలేది కొంచెమే. మా వాళ్ల ఫోన్లకే అందులో ఎంత పోయిందో లెక్క వేసుకోండి.

ఆస్పిరిన్ నమిలించి, గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ వేశారు. ఈ పద్ధతి కొత్తదేం కాదు. 17 వేల మందికి పైగా రోగుల మీద జరిగిన ఐసిస్-2 పరిశోధన 1988లోనే వచ్చింది. అందులో స్ట్రెప్టోకైనేజ్ (గడ్డ కరిగించే పాత మందు), ఆస్పిరిన్ రెండూ ఇచ్చినవాళ్లలో ఐదు వారాల్లోపు మరణాలు 40 శాతం దాకా తగ్గాయి. మన రాష్ట్రంలో ఇప్పుడు స్టెమీ (గుండె నాళం పూర్తిగా మూసుకుపోయే గుండెపోటు) పథకం కింద చాలా ప్రభుత్వాస్పత్రుల్లో దాదాపు 40 వేల రూపాయల ఇంజెక్షన్ ఉచితంగా వేస్తున్నారు. యాంజియోగ్రామ్, స్టెంట్ మర్నాడు నెల్లూరులో అయ్యాయి. గంటన్నర, రెండు గంటల్లోపు స్టెంట్ వేసే చోటికి చేరగలిగితే అదే మేలు, కానీ కలిగిరి, ఉదయగిరి, కనిగిరి వైపు వాళ్లకు అది అయ్యే పనేనా?

ఇక "ఉపాయం" సంగతి. చేతికి బీపీ పట్టీ బిగించి వదులుతుంటే గుండె గట్టిపడుతుందని మా తమ్ముడు ఒక వీడియో పంపాడు. దాని వెనక నిజం లేకపోలేదు. 1986లో కుక్కల గుండెకు ముందుగా నాలుగుసార్లు ఐదేసి నిమిషాలు రక్తం ఆపి వదిలారు. ఆ తర్వాత 40 నిమిషాలు ఆపినా, చచ్చిన కండరం మామూలుగా చచ్చేదాంట్లో నాలుగో వంతే. కానీ అదే ఆశతో గుండెపోటు వచ్చిన 5 వేల మందికి పైగా రోగుల చేతికి పట్టీ కట్టి చూస్తే ఏ లాభమూ కనపడలేదని 2019లో తేలింది. గట్టిగా దగ్గితే గుండె నిలబడుతుందన్న ఫార్వర్డుకైతే ఆ మాత్రం ఆధారం కూడా లేదు. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ గడ్డను కరిగించదు, పైగా బీపీ తక్కువగా ఉన్నవాళ్లను పడగొడుతుంది.

బాబాయి బతికాడు. కానీ గుండె పంపింగ్ 45 శాతం దగ్గర ఆగింది, మామూలుగా 55 పైన ఉండాలి. బేలు ఎత్తబోతే ఆయాసం. మేనమామ మాత్రం మెడ్రాసుకు పోయుంటే 60 ఉండేదని పెళ్లిళ్లలో ఇప్పటికీ వాదిస్తున్నాడు.

ఒక్క జాగ్రత్త. గడ్డ కరిగించే ఇంజెక్షన్ అందరికీ పనికిరాదు. మెదడులో రక్తస్రావం జరిగినవాళ్లకు వేయరు, ఈమధ్య పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు కూడా చాలావరకు వేయరు. కాబట్టి పాత ఆస్పత్రి కాగితాలు అందరికీ తెలిసిన చోట పెట్టండి. మా ఇంట్లో అయితే ఫ్రిజ్ మీద పెట్టాం, ఆర్‌ఎంపీ నంబరు మాత్రం పిన్ని చింపేసింది.