మూడు నెలల పుండుకు నానో మందు వెతుకుతారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఆదోని. మా నాయనకు 58 ఏళ్లు, చాలా ఏళ్లుగా గుట్కా అలవాటు. ఎడమ బుగ్గ లోపల తెల్లమచ్చ, దానిమీద పుండు వచ్చి మూడు నెలలైంది. నొప్పి లేదు, కారం తగిలితే మంట. ఈమధ్య నోరు సరిగా తెరవలేకపోతున్నాడు. మెడికల్ షాపు జెల్, బీకాంప్లెక్స్ వాడుతున్నాం. జింక్ ఆక్సైడ్ నానో కణాల (అతి సన్నని రేణువుల) మీద వెలుగు పడితే క్యాన్సర్ చచ్చిపోతుందని, కోత అక్కర్లేదని చదివాను. ఆ వైద్యం ఎక్కడ దొరుకుతుంది? అంతవరకు ఆ పొడి పూసి ఎండలో కూర్చోబెట్టవచ్చా?

జవాబు: పొడి పూయొద్దు, ఎండలో కూర్చోబెట్టొద్దు.

నన్ను కంగారు పెట్టింది నానో కణాలు కాదు, నోరు తెరుచుకోవడం లేదన్న మాట. మీ నాయన వేళ్లు మూడు, ఒకదాని మీద ఒకటిగా, పైపళ్లకీ కిందిపళ్లకీ మధ్య పట్టాలి. పట్టకపోతే గుట్కాలోని వక్క వల్ల లోపొర బిగుసుకుపోయి ఉండొచ్చు, క్యాన్సర్ కండరంలోకి దిగి ఉండనూ వచ్చు. చూడకుండా ఏదని తేల్చను. అయితే మూడు వారాలు దాటినా మానని పుండు ఎవరిదైనా సరే, ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే.

నొప్పి లేదని ధైర్యపడినట్టున్నారు. నోటి క్యాన్సర్ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. ఇక ఆ జెల్. కొన్నింట్లో తిమ్మిరి మందు, కొన్నింట్లో స్టిరాయిడ్ ఉంటుంది. మంట తగ్గుతుంది, పుండు మాత్రం అక్కడే ఉంటుంది. మా ఓపీకి సగం పిండిన ట్యూబు పట్టుకుని వస్తారు. ‘ఉగ్గాని కూడా మింగలేకున్నాడు సార్’ అంటారు. ఎప్పటినుంచి అంటే ‘ఉగాదికి ముందు నుంచే’ అంటారు! షాపులో ట్యూబు ఇచ్చినాయన ఒక్కసారైనా టార్చి వేసి నోట్లోకి చూశాడా?

మీరు చదివింది అబద్ధం కాదు. జింక్ ఆక్సైడ్ రేణువుల మీద అతినీలలోహిత కాంతి పడితే చురుకైన ఆక్సిజన్ రూపాలు పుట్టి క్యాన్సర్ కణం పొరను, డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. ల్యాబ్ పళ్లేల్లో, ఎలుకల్లో చూపించారు. చిక్కేమిటంటే ఆ కాంతి ఒంట్లోకి మిల్లీమీటరు కూడా సరిగా దిగదు, పైగా అదే చర్మ క్యాన్సర్‌కు కారణం. ఆ రేణువుల నుంచి విడుదలయ్యే జింకు ఒంట్లోని మంచి కణాలకూ హాని చేయగలదు. మనుషులకు వాడే వెలుగు వైద్యం వేరే ఉంది, ఫోటోడైనమిక్ థెరపీ. అందులో వాడే పోర్ఫిమర్ మందుకు అమెరికాలో 1995లో అన్నవాహిక క్యాన్సర్ కోసం అనుమతి వచ్చింది. అది ఎక్కించాక కనీసం 30 రోజులు రోగిని ఎండ తగలకుండా ఉంచాలి. మీరేమో ఎండలో కూర్చోబెడతామంటున్నారు.

ఈ వారంలోనే ఆదోనిలో పళ్ల డాక్టరుకో ఈఎన్‌టీకో చూపించండి, లేదా నేరుగా కర్నూలు సర్వజన వైద్యశాలకు తీసుకెళ్లండి. బయాప్సీకి సాధారణంగా మత్తు సూది ఇచ్చి చిన్న ముక్క తీస్తారు, కొద్ది నిమిషాల పని. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని ఊళ్లో చెప్పే మాట పట్టించుకోకండి, ఆ భయంతోనే కదా చాలామంది ముదరబెట్టుకునేది. క్యాన్సరే అని తేలినా, తొలిదశ అయితే ఆపరేషన్ ఒక్కదానితోనే సరిపోవచ్చు. ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కింద వైద్యం ఉంది, కార్డు వెంట తీసుకెళ్లండి.

గుట్కా ఈరోజే మానిపించండి. షుగరు ఉన్నా, రక్తం పలుచబరిచే మాత్రలు వేసుకుంటున్నా బయాప్సీకి ముందే చెప్పండి. ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.