ఎనిమిది వందల గ్రాములు

పలాస

అమ్మలూ,

మన ఊరి పాలకేంద్రం లెక్కలకి నువ్వే పైథాన్‌లో ప్రోగ్రాం రాస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆడపిల్లని కంప్యూటర్ చదువుకి విజయనగరం పంపడమెందుకు అన్నవాళ్ళందరికీ వినబడేలా ఇంకోసారి చెప్పమన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

కూడిక, తీసివేత నీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్క = విలువ పెట్టడానికి, రెండు == సమానమా అని అడగడానికి. గుణకారం, భాగహారం కూడిక కన్నా ముందు జరిగిపోతాయి కాబట్టి అనుమానం ఉన్నచోటల్లా బ్రాకెట్లు పెట్టు. నా భయమంతా భాగహారం దగ్గరే.

1994లో ఇక్కడ ఒక జీడి ఫ్యాక్టరీకి సీ భాషలో కూలి లెక్క రాశాను. పిక్కలు కొట్టే ఆడవాళ్ళకి పప్పు తూకాన్ని బట్టి కిలోకింతని కూలి. తూకం గ్రాముల్లో తీసుకుని వెయ్యితో భాగించాను. సీలో పూర్ణసంఖ్యని పూర్ణసంఖ్యతో భాగిస్తే జవాబూ పూర్ణసంఖ్యే, మిగిలింది వదిలేస్తుంది. 5800 / 1000 అంటే 5. తప్పని చెప్పదు, ఆగదు. కాగితం ముచ్చటగా అచ్చయి వచ్చింది, నేనూ మురిసిపోయాను.

నాలుగో శనివారం ఒకామె, జీడి చమురుకి నల్లబడిన వేళ్ళతో ఆ కాగితం నా బల్ల మీద పెట్టింది. "ఎనిమిదొందల గ్రాములు ఏటైపోనాయి బాబూ?" అంది. చదువు రాదు. రోజూ తూకం ఇంటి గోడమీద బొగ్గుతో గీతలు పెట్టుకునేది. కంప్యూటర్ తప్పు చెయ్యదమ్మా అని ఆమెతోనే వాదించి పంపేశాను. సాయంత్రం చేత్తో వేసి చూస్తే అందరి లెక్కలోనూ, ప్రతి తూకంలోనూ కోత. వెయ్యి పక్కన ఒక చుక్క, ఒక సున్నా పెట్టి 1000.0 చేస్తే సరిపోయింది. బాకీ కట్టించాను. అప్పటికే ఇద్దరు పని మానేసి వెళ్ళిపోయారు. వాళ్ళ డబ్బు వాళ్ళకి చేరలేదు తల్లీ.

నీ పైథాన్‌లో / పెడితే 5.8 వస్తుంది. // పెట్టావంటే మళ్ళీ ఆ 5 మాత్రమే. మిగిలిన 800 కావాలంటే % తో అడగాలి. // వాడిన ప్రతిచోటా ఆ మిగిలింది ఎవరిదో పక్కనే రాసుకో. అడ్వాన్సు తీసుకున్నవాళ్ళ ఖాతా మైనస్‌లో ఉంటుంది, అక్కడ ఇంకా జాగ్రత్త: -7 // 2 అంటే -3 కాదు, -4; // ఎప్పుడూ కింది సంఖ్యకే దిగుతుంది. డబ్బుని పైసల్లోకి మార్చి పూర్ణసంఖ్యగానే ఉంచు. చుక్క ఉన్న సంఖ్యల్ని కంప్యూటర్ ఉన్నదున్నట్టు దాచుకోలేదు: 0.1 + 0.2 కొట్టి చూడు, 0.30000000000000004 అంటుంది.

పది రోజులు పుస్తకంలో చేతిలెక్క కూడా నడవనీ. తేడా వస్తే ముందు పాలు పోసినవాళ్ళ మాట విను.

అన్నం మానేసి రాత్రి రెండింటిదాకా కూర్చుంటున్నావట, అదెక్కడి బుద్ధి? శనివారం బస్సుకి జీడిపప్పు పంపిస్తున్నాను. హాస్టల్ పిల్లలకి పెట్టి, నువ్వూ తిను.

మీ మావయ్య