లోపలి రేడియేషన్‌కు ప్రతిసారీ స్కాన్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. బయటి నుంచి 25 సార్లు రేడియేషన్ ఇచ్చారు. దాంతోపాటు వారం వారం కీమో కూడా అయిపోయింది. ఇప్పుడు లోపల పరికరం పెట్టి నాలుగుసార్లు రేడియేషన్ ఇస్తామంటున్నారు. మొదటిసారి ఎంఆర్ఐ, మిగతా మూడుసార్లు సీటీ స్కాన్ తీస్తారట. మొదట్లోనే ఎంఆర్ఐ తీశారు కదా, మళ్లీ ఎందుకు? ఎంఆర్ఐ అంత మంచిదైతే తర్వాత సీటీ సరిపోతుందా? టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మొదట తీసిన ఎంఆర్ఐ జబ్బు ఎంతవరకు పాకిందో చూడటానికి. ఐదు వారాల రేడియేషన్, కీమో తర్వాత గడ్డ చాలావరకు కరిగిపోతుంది. పైగా పరికరం లోపలికి వెళ్లాక గర్భాశయం వాలు కూడా మారుతుంది. అందుకని పాత బొమ్మ ఇప్పుడు పనికిరాదు. పరికరం పెట్టిన తర్వాత తీసిన స్కానే కావాలి.

ఈ చికిత్సలో చాలాచోట్ల ఇరిడియం అనే రేడియోధార్మిక లోహం వాడతారు. బియ్యపు గింజంత ఉండే దాని ముక్క సన్నని గొట్టాల్లోంచి లోపలికి వెళ్లి, కొన్ని నిమిషాలు పనిచేసి, తిరిగి యంత్రంలోకి వచ్చేస్తుంది. దానినుంచి దూరం రెట్టింపైతే మోతాదు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. గడ్డకు గట్టిగా తగిలి, పక్కనున్న మూత్రాశయానికీ మలాశయానికీ తక్కువ తగిలేది అందువల్లే. కొన్ని మిల్లీమీటర్ల తేడా వచ్చినా లెక్క మారిపోయేది కూడా అందువల్లే.

వెనకటికి ఎక్స్‌రేనే ఆధారం. 1938లో వచ్చిన మాంచెస్టర్ పద్ధతిలో గర్భాశయ ముఖద్వారం దగ్గర్నుంచి 2 సెం.మీ. పైకి, 2 సెం.మీ. పక్కకి ఒక బిందువు గుర్తించి, అక్కడికి ఎంత చేరాలో లెక్కగట్టేవారు. ఎక్స్‌రేలో పరికరం కనిపిస్తుంది గానీ గడ్డ కనిపించదు. చిన్న గడ్డకైనా పెద్ద గడ్డకైనా అదే కొలత, అందరికీ ఒకే సైజు జాకెట్ కుట్టినట్టు! ఆ రోజుల్లోనూ చాలామందికి నయమైంది, కాదనను. కానీ ఎంఆర్ఐలో గడ్డను చూసి, గీసి, దాని ఆకారానికి తగ్గట్టు మోతాదు ఇవ్వడం మొదలయ్యాక ఫలితాలు మెరుగయ్యాయి. 'ఎంబ్రేస్' అనే అంతర్జాతీయ అధ్యయనంలో 1,300 మందికి పైగా ఇలా చికిత్స చేస్తే, ఐదేళ్ల నాటికి 92 శాతం మందిలో జబ్బు ఆ చోట అదుపులోనే ఉంది.

ఇక సీటీ సంగతి. అందులో పరికరం, మూత్రాశయం, పేగులు బాగా కనిపిస్తాయి. గడ్డ, గర్భాశయ కండ మాత్రం ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. సీటీ ఒక్కటే చూసి గీస్తే గడ్డను ఉన్నదానికంటే వెడల్పుగా గీసేస్తాం. మొదటి ఎంఆర్ఐ చేతిలో ఉంటే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. ప్రతిసారీ మారేది ముఖ్యంగా చుట్టూ ఉన్న అవయవాల స్థానం, అది సీటీలో దొరుకుతుంది. మొన్న దూరంగా ఉన్న పేగు మెలిక ఇవాళ పరికరానికి ఆనుకుని కనిపిస్తుంది. అప్పుడు ఆ చోట ఇరిడియం గింజ ఆగే సమయాన్ని కొన్ని సెకన్లు తగ్గిస్తాం. మేం లెక్క చూసేది మలాశయంలో ఎక్కువ మోతాదు పడే 2 మి.లీ. భాగానికి, అంటే అరచెంచా కూడా ఉండదు. మొత్తం చికిత్సలో అక్కడ 75 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలమానం) దాటకుండా చూస్తాం.

కాబట్టి మీకు చెప్పిన పద్ధతి సరైనదే. గడ్డ ఇంకా పెద్దగా ఉండి, రేడియేషన్ పక్కలకూ అందేలా సూదులు కూడా గుచ్చాల్సి వస్తే నేనైతే మళ్లీ ఎంఆర్ఐ అడుగుతాను. అయితే ఎంఆర్ఐ డేట్ దొరకలేదని చికిత్సను వారాలు వాయిదా వేయడం మాత్రం వద్దు. మొదటి రేడియేషన్ నుంచి చివరిదాకా ఏడెనిమిది వారాల్లో పూర్తికావాలి. పరికరం పెట్టేటప్పుడు పొట్టమీద అల్ట్రాసౌండ్ కూడా పెడితే కంగారుపడకండి. గొట్టం గర్భాశయం గోడకు గుచ్చుకోకుండా దారి చూసుకోవడానికే అది. సీటీ వల్ల అదనంగా పడే రేడియేషన్ చికిత్స మోతాదు ముందు లెక్కలోకి రాదు. ఎంఆర్ఐ, అల్ట్రాసౌండ్‌లో అది అసలే ఉండదు.

అమ్మగారికి పేస్‌మేకర్ లాంటిదేదైనా ఉంటే ఎంఆర్ఐకి ముందే చెప్పండి. మలబద్ధకం ఉంటే అదీ చెప్పండి. స్కాన్ అయ్యాక చికిత్స పూర్తయ్యేదాకా ఆవిడ సొంతంగా లేవకూడదు, పక్కకి ఒత్తిగిలకూడదు. నడుం నొప్పిగా ఉంటే ఓర్చుకోకుండా నర్సును పిలవమనండి, మందు ఇస్తారు.