ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితే ఒరిగేదేముంది?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రతి సెమిస్టర్ చివర ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తారు. చదవకుండానే అన్నిటికీ 'బాగుంది' అని టిక్ పెట్టేస్తాం. ఈసారి కోర్సు గురించి గ్రూప్ చర్చకు రమ్మని నన్ను పిలిచారు. ఉన్నదున్నట్టు చెబితే మార్కులు పోతాయేమోనని టెన్షన్. వెళ్లాలా? పీజీకి యూనివర్సిటీని ఎంచుకునేటప్పుడు ఇలాంటి సర్వేల స్కోర్లను నమ్మవచ్చా?

జవాబు: వెళ్లండి. కాకపోతే ముందుగా రెండు విషయాలు అడిగి తెలుసుకోండి. చర్చ నడిపేది ఎవరు? రాసుకున్న నోట్సులో పేర్లు ఉంటాయా? పద్ధతిగా చేసేచోట మీకు పాఠం చెప్పేవాళ్లు ఆ గదిలో ఉండరు, పేర్లు తీసేశాకే నివేదిక వాళ్లకు చేరుతుంది. మార్కులు వేసే మనిషే ఎదురుగా కూర్చుని అడిగితే మాత్రం ఆచితూచి మాట్లాడటంలో తప్పేమీ లేదు. క్లాసులో ఉన్నదే ఏడెనిమిది మంది అయితే, పేరు లేకపోయినా ఎవరు అన్నారో ఇట్టే తెలిసిపోతుంది. బ్రిటన్‌లో చివరి సంవత్సరం డిగ్రీ విద్యార్థులతో 2005 నుంచి చేస్తున్న జాతీయ సర్వేలో, ఒక కోర్సు ఫలితాలు బయటపెట్టాలంటే కనీసం 10 మంది, అదీ అర్హుల్లో సగం మంది జవాబివ్వాలనే నిబంధన పెట్టుకున్నారు.

ఇక ఆ టిక్కుల సంగతి. చదువుకునే రోజుల్లో నేనూ పైనుంచి కిందికి ఒకే గీత గీసినట్టు పెట్టినవాణ్నే. అలాంటి ఫారాలను విశ్లేషించేవాళ్లు సులువుగా పసిగట్టి పక్కన పెట్టేయగలరు. అసలు సరుకు కింద ఖాళీ పెట్టెలో మీరు రాసే నాలుగు వాక్యాల్లో ఉంటుంది. 'ల్యాబ్ బాగోలేదు' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. 'ల్యాబ్ సోమవారం, దానికి కావలసిన థియరీ గురువారం. మూడు వారాలు ఏం చేస్తున్నామో తెలియకుండానే చేశాం' అని రాస్తే, టైంటేబుల్ మార్చితే చాలని చదివినవాళ్లకు తెలిసిపోతుంది. గ్రూప్ చర్చలోనూ ఇలాగే చెప్పండి: ఏ వారం, ఏ పాఠం, ఎక్కడ ఆగిపోయారు. మనుషుల మీద కోపం అక్కడ పనికిరాదు.

నచ్చిందా లేదా అని అడగడం కన్నా ఏం జరిగిందని అడగడమే మేలని నా అభిప్రాయం. అమెరికాలో 2000 నుంచి జరుగుతున్న ఒక పెద్ద సర్వే ఈ దారిలోనే నడుస్తోంది. వారానికి ఎన్ని గంటలు చదువుతున్నారు, అధ్యాపకులతో కెరీర్ గురించి ఎంత తరచుగా మాట్లాడారు, ఎన్ని పేజీలు రాశారు, ఇలాంటివి అడుగుతుంది. యూనివర్సిటీలు ఈ జవాబులను ఫెయిలైనవాళ్ల లెక్కలతో, మధ్యలో మానేసినవాళ్ల లెక్కలతో కలిపి చూస్తాయి. మొదటి సంవత్సరంలో ఏ పేపర్ దగ్గర ఎక్కువమంది జారిపోతున్నారో అప్పుడే బయటపడుతుంది. నాకైతే సెమిస్టర్ మధ్యలో తీసుకునే చిన్న ఫీడ్‌బ్యాకే అన్నిటికన్నా నచ్చుతుంది. చివర్లో చెప్పింది మీ జూనియర్లకు పనికొస్తుంది, మధ్యలో చెప్పింది మీకే పనికొస్తుంది.

స్కోర్లను చూడండి, కానీ వాటినే పట్టుకుని సీటు తీసుకోకండి. అమెరికాలోని ఒక ఆన్‌లైన్ కోర్సు మీద చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. పాఠం చెప్పేవాళ్ల ముఖాలు విద్యార్థులకు కనపడవు. ఒకే వ్యక్తి ఒక గుంపుకు మగ పేరుతో, ఇంకో గుంపుకు ఆడ పేరుతో బోధించినప్పుడు మగ పేరుకే ఎక్కువ రేటింగ్ వచ్చింది. గుంపు చిన్నదే అయినా ఆలోచించాల్సిన ఫలితం. అధ్యాపకుల రేటింగుల్లో పాఠంతో సంబంధం లేనివి ఎన్ని కలిసిపోతాయో చూశారుగా.

అడ్మిషన్ల వాళ్లతో మాట్లాడే అవకాశం దొరికితే స్కోరు ఎంతని అడగకండి. 'విద్యార్థులు చెప్పినదాన్ని బట్టి ఈ రెండేళ్లలో ఈ కోర్సులో ఏం మార్చారు?' అని అడగండి. ఫలానా పేపర్ తీసేశాం, ప్రాజెక్టును ముందు సెమిస్టర్‌కు జరిపాం అని చెప్పగలిగితే మంచిదే. బ్రోషర్ చేతిలో పెట్టి పంపిస్తే, అక్కడే చదువుతున్న సీనియర్‌ను పట్టుకుని అదే ప్రశ్న మళ్లీ అడగండి.