మేనత్తకి వచ్చింది, నాకూ వస్తుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నా వయసు 26. మేనత్తకి 39వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఇప్పుడు బాగానే ఉంది. నాయనమ్మ అండాశయ క్యాన్సర్‌తో పోయింది. అమ్మ వైపు ఎవరికీ లేదు కాబట్టి నాకేం భయం లేదంటున్నారు. అత్త కొడుకుతోనే నాకు సంబంధం అనుకుంటున్నారు. ఒకటే టెన్షన్. నేనేం పరీక్ష చేయించుకోవాలి?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, బరంపురంలో ప్రాక్టీసు చేసిన రోజుల్లో ఒకావిడ రిపోర్టుల సంచి నా బల్ల మీద కుమ్మరించింది. అమ్మవి, పిన్నివి, అమ్మమ్మవి అన్నీ ఉన్నాయి. మేనత్త కాగితం ఒక్కటీ లేదు. అడిగితే, "ఆవిడ వేరే ఇంటి మనిషి కదండీ" అంది. మీ ఇంట్లో వాళ్లదీ అదే లెక్క! కానీ ఇది నాన్న వైపు నుంచీ రావచ్చు.

రొమ్ము, అండాశయ క్యాన్సర్లు ఒకే కుటుంబంలో ఇలా వస్తుంటే ముందు అనుమానించేది రెండు జన్యువుల్ని. బీఆర్‌సీఏ1 జన్యువు 17వ క్రోమోజోమ్ మీద, బీఆర్‌సీఏ2 13వ దాని మీద ఉంటాయి. ఒక్కోటి రెండేసి ప్రతులు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మగ్గం మీద పోగు తెగితే నేతగాడు ముడేసి మళ్లీ నేస్తాడు చూడండి, కణంలో డీఎన్ఏ తెగినప్పుడు ఈ జన్యువులది ఆ పని. పుట్టుకతోనే ఒక ప్రతి చెడి ఉన్నా రెండోది నెట్టుకొస్తుంది. ఏదో ఒక కణంలో అదీ పాడైతే తెగిన పోగులు అలాగే ఉండిపోయి, క్యాన్సర్‌కి దారి తీయొచ్చు. ఈ లోపమున్న ఆడవాళ్లలో జీవితకాలంలో నూటికి 60 మందికి పైగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది. మీ నాన్నగారికి లోపమున్నా పైకి ఏమీ తెలియకపోవచ్చు.

ముందు ఈ జన్యువుల పరీక్ష మీకు కాదు, జబ్బు పడిన మీ అత్తకి. కాస్త రక్తం చాలు. ఆవిడలో లోపం దొరికితే అప్పుడు నాన్నకి. ఆయనలో అది లేకపోతే ఆ లోపం మీకు రాలేదన్నట్టే. ఉంటే మీకు సగానికి సగం అవకాశం, అప్పుడు మీరూ చేయించుకోవాలి. మీలోనూ తేలితే ఏటా రొమ్ముకి ఎమ్మారై స్కాన్, 30 దాటాక మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా.

ఇక పెళ్లి మాట. అత్తకి లోపముంటే ఆ అబ్బాయికీ సగం అవకాశం ఉన్నట్టే. ఇద్దరిలోనూ బీఆర్‌సీఏ2 లోపముంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి నాలుగో వంతు అవకాశం ఫ్యాంకొని ఎనీమియా అనే అరుదైన, తీవ్రమైన జబ్బు రావడానికి. కాబట్టి ముహూర్తం పెట్టకముందే ఈ సంగతి తేల్చుకోండి.

కాబోయే అత్తగారిని రక్తం ఇవ్వమనడానికి మొహమాటమైతే నాన్నచేత అడిగించండి, తోబుట్టువే కదా. ఆ ఫలితం అందరికన్నా ముందు ఆవిడకే అవసరం. నాయనమ్మకి వచ్చింది అండాశయాల్లో కదా, మీ అత్త అండాశయాల గురించి డాక్టరు ఇంకా ఆలోచించి ఉండకపోవచ్చు.